బోర్లించిన గంప

ఆ ఎండాకాలం మా నాన్న ఒక ఊరిని కాపాడాడు. ఆ ఊరు నా ఫోన్లో ఉండేది.

ఏటా ఏప్రిల్ నడిమికి హార్బరులో బోట్లు కట్టేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు రెండు నెలలు వేట ఆపిస్తుంది. బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని హార్బరులో నిలబడితే, మగాళ్ళు గోడల్ని ఆనుకుని ఇళ్ళల్లో కూర్చుంటారు. మిగతా ఏడాదంతా సముద్రం మీద ఉండే మనిషి రెండు నెలలు ఇంట్లో ఉంటే ఆ ఇంటి సంగతి ఇక చెప్పనక్కర్లేదు. మా నాన్న అప్పలరాజు మొదట వలలు బాగుచేశాడు. తర్వాత ఫ్యాను బాగుచేశాడు. ఆ తర్వాత బాగున్న వాటిని కూడా బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. మిక్సీ విప్పేసరికి మా అమ్మ గంగాలమ్మకి ఒళ్ళు మండింది.

"ఒలే దుర్గా, మీ నాన్న సేతిలో ఏదోటి ఎట్టవే. నేపోతే రేపు ఇంటి కప్పు కూడా ఇప్పేత్తాడు" అంది.

నేను నా ఫోను పెట్టాను.

అందులో బ్లాకుల ఆట ఒకటుంది. నేను దువ్వాడ కాలేజీలో చేరిన కొత్తలో ఆడి వదిలేసిన ఆట. అందులో నేల, చెట్టు, ఆవు అన్నీ చదరపు దిమ్మలే, చివరికి సూర్యుడు కూడా. పగలు తవ్వుకోవాలి, కట్టుకోవాలి. చీకటి పడితే జాంబీలు వస్తాయి. ఆ ఆటలో ఒక ఊరుంటుంది. ఊళ్ళో చేతులు ముడుచుకుని, బారెడు ముక్కులతో తిరిగే బేరగాళ్ళుంటారు. ఒకడు రొట్టెలమ్ముతాడు, ఒకడు బాణాలమ్ముతాడు, పీపా ముందు నిలబడేవాడు చేపల బేరం చేస్తాడు. వాళ్ళ దగ్గర డబ్బు బదులు పచ్చరాళ్ళు నడుస్తాయి. వాళ్ళు బతికుంటేనే మనకి సరుకు. వాళ్ళకి కొట్టడం రాదు, తిట్టడం రాదు, పారిపోవడం కూడా సరిగ్గా రాదు.

బోటులో జీపీఎస్ మీటలు నొక్కి అలవాటైన చేతులు కదా, నాన్నకి ఆట తొందరగానే పట్టుబడింది. ఊరిని కాపాడ్డమే పట్టుబడలేదు. వెలుగున్న చోట జాంబీలు పుట్టవని నేను ముందే చెప్పాను. ఆ ఊరికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క అడవి. నాన్న ఉన్న దివిటీలన్నీ సముద్రం ఒడ్డున బారులు తీర్చి పాతాడు. అడవి వైపు ఒక్కటీ పెట్టలేదు.

"అటెందుకు పెట్టలేదు నాన్నా?" అన్నాను.

"అటు నేలే గదమ్మా. నేల మీంచి ఏటొత్తాది?"

మా పేటలో పుట్టిన మనిషికి ఆపదంటే నీటి మీంచి వచ్చేదే. గాలివానైనా, పెద్ద అలైనా, తిరిగిరాని బోటు కబురైనా. నేల మీద కూడా భయపడాల్సినవి ఉంటాయని మా నాన్నకి ఎవరూ నేర్పలేదు. ఆటలో చీకటి పడింది. అడవిలోంచి అవి వచ్చాయి, పచ్చటి మొహాలతో, చేతులు ముందుకి చాపుకుని. రొట్టెలవాణ్ణి ముందు పట్టుకున్నాయి. వాడు చచ్చిపోతాడనుకున్నాం, చావలేదు. అదే చొక్కా, అదే ముక్కు, మొహం మాత్రం పచ్చబడిపోయి, వాడు కూడా చేతులు చాపుకుని పక్కింటివాడి మీదికి బయల్దేరాడు.

"ఇది మనోడేనా?" అన్నాడు నాన్న, ఫోను మొహం దగ్గరికి తెచ్చుకుని.

"మనోడే."

"మరి మనోల్ల మీదికే ఎల్తన్నాడేటి?"

"కరిస్తే అంతే నాన్నా. ఆ గుంపులో కలిసిపోతాడు."

"మల్లీ మనిసవడా?"

"అవుతాడు. మందొకటి చల్లి, బంగారు యాపిల్ తినిపించాలి. అప్పుడు కూడా వెంటనే అవడు. వణికి వణికి, చాలాసేపటికి మామూలు మనిషవుతాడు."

నాన్నకి ఆ మాట నచ్చింది. పచ్చమొహం వాణ్ణి ఎలాగో ఒక గుంటలోకి తోసి పైన మూత వేసి, వాడి కోసం బంగారం తవ్వడానికి అప్పుడే బయల్దేరాడు. అన్నానికి రమ్మంటే రాలేదు. అమ్మ కంచం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టేసి, "ఊరు బాగుపడ్డాక తిను మావా" అని వెళ్ళిపోయింది.

బంగారం ఆ ఆటలో అంత తేలిగ్గా దొరకదు. ఈలోపు నాన్న ఊరి చుట్టూ గోడ కట్టాడు. అడవి వైపు కూడా దివిటీలు పాతాడు. ఇనుము పోగుచేసి, ఊరికి కాపలాగా ఇనప మనిషినొకణ్ణి నిలబెట్టాడు. మధ్యాహ్నాలు పేటలో పని లేని బోటు కళాసీలందరూ మా అరుగు మీద చేరి ఆ ఊరి క్షేమసమాచారాలు అడిగేవాళ్ళు. బేరగాళ్ళకి నాన్న పేర్లు కూడా పెట్టాడు. అన్నీ కంచరపాలెంలో అమ్మతో కూర్చుని చేపలమ్మే ఆడవాళ్ళ పేర్లే. అందరికంటే గట్టిగా 'హూఁ' అని గొణిగేవాడు దేముడమ్మ. పీపా ముందు చేపలవాడు గంగాలమ్మ.

అమ్మ ఒకసారి వంగి చూసింది.

"నా ముక్కిలగుంటాదేటి?"

"ముక్కు కాదే గంగా, ఆ నిలబడ్డం సూడు. ఎవుడొచ్చినా సోటొగ్గడు" అన్నాడు నాన్న.

ఆ మాటకి అమ్మ నవ్వడం నాకు గుర్తుంది.

చోటు సంగతి చెప్పాలి. కంచరపాలెంలో రైల్వే గోడ పక్కన చేపల వరస ఒకటి ఉండేది. పైన కప్పు లేదు, కింద గచ్చు లేదు. గోడ నీడ ఒక్కటే. అక్కడ ప్రతి మనిషికీ ఒక రాయి, రాయి వెనక ఒక కత్తిపీట. ఆ రాయి మీదే చేపలు పరిచేది. మా అమ్మ కూర్చునే రాయి మా అమ్మమ్మ వేయించింది. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు, రైలు దిగి వచ్చేవాళ్ళు, కూలి పనికి వెళ్ళొచ్చేవాళ్ళు, అందరూ ఆ గోడ పక్క నుంచే ఇళ్ళకి వెళ్ళాలి. అందుకే బేరం. అక్కణ్ణుంచి సందు మలుపు తిరిగినా బేరం ఉండదని ఆ వరసలో అందరికీ తెలుసు. నా కాలేజీ చదువు, మా ఇంటి కప్పు, నాన్న వేటకి వెళ్ళని నెలల్లో తిండి, అన్నీ ఆ రాయి మీంచి వచ్చినవే.

ఆ వరసలో ఒక కట్టుబాటుండేది. ఎవరైనా ఒంట్లో బాగోక రాకపోయినా, పురిటికి వెళ్ళినా, చావుకి వెళ్ళినా, తన గంపని తన రాయి మీద బోర్లించి పోయేది. బోర్లించిన గంప ఉందంటే ఆ చోటుకి మనిషి ఉందని లెక్క. దాన్ని ఎవరూ కదపరు, కాలు తగలనివ్వరు. తాగి తూలే వాళ్ళు కూడా చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు. అమ్మమ్మ పోయినప్పుడు ఆవిడ గంప కర్మలయ్యేదాకా అలాగే ఉంది. ఎవరో కొత్త మనిషి వచ్చి అక్కడ కూర్చోబోతే, వరసలో పెద్దదైన దేముడమ్మ మామ్మ గంప వైపు వేలు చూపించిందట, అంతే. ఆ మనిషి తన బుట్ట తీసుకుని చివరికి వెళ్ళి కూర్చుంది.

వేట లేని నెలల్లో వరస పలచబడుతుంది. చిన్న తెప్పల వాళ్ళు తెచ్చే కాసిని చేపలు, ఎండుచేపలు అమ్ముకునే నలుగురైదుగురు తప్ప మిగతావన్నీ బోర్లించిన గంపలే. ఆ ఏడు సరిగ్గా అప్పుడే వచ్చారు కార్పొరేషను వాళ్ళు. గోడ మీద ఎర్ర రంగుతో గీతలు గీశారు. ఊరికి పెద్దవాళ్ళెవరో వస్తున్నారని, రోడ్డు అందంగా కనబడాలని మైకులో చెప్పారు. కొండవైపు కొత్త మార్కెట్టు కట్టామని, షట్టర్లున్న గదులిస్తామని, ఎండా వానా ఉండవని, దొంగల భయం ఉండదని కూడా చెప్పారు. చేపలమ్మేవాళ్ళకి దొంగల భయం ఉందని మాకు అప్పుడే తెలిసింది.

దేముడమ్మ మామ్మ వరసనంతా పోగుచేసింది.

"సేపలున్నా నేపోయినా మనందరం ఒచ్చి కూకోవాలి. గంపలైతే ఎత్తి లారీలో పడేత్తారు. మనుసుల్ని ఎత్తి పడెయ్యలేరు గదా. సోమారం ఒత్తారంట. సోమారం ఒక్కరు కూడా ఇంటికాడ ఉండకూడదు" అంది.

అమ్మ ఆ రోజు ఇంటికి వచ్చి ఈ మాట చెప్తుంటే నాన్న ఆటలో పని చేస్తూనే విన్నాడు. ఇనప మనిషి కాపలా ఉన్నా ఒక జాంబీ ఎలాగో గోడ లోపలికి దూరి, బాణాలవాణ్ణి చంపిందట. ఇక లాభం లేదని నాన్న ప్రతి బేరగాడి చుట్టూ రాతి బ్లాకులు పేర్చేస్తున్నాడు. అది నేను చెప్పిన చిట్కా కాదు, ఎవరో యూట్యూబులో చూపించారు. ఒక్కొక్కడికి ఒక్కొక్క గది. అటూ ఇటూ కదలడానికి లేదు. ముందు వైపు మొహం ఎత్తున చిన్న కంత. ఆ కంతలోంచే బేరం.

"ఇప్పుడు ఎవుడూ ఏటీ సెయ్యలేడు" అన్నాడు నాన్న తృప్తిగా.

అమ్మ చూసింది. చాలాసేపు చూసింది.

"మరాడు బయటికెలగొత్తాడు?"

"ఎందుకు రావడం? సరుకిత్తాడు, రాయి పుచ్చుకుంటాడు. సుకంగా ఉంటాడు."

"కూకోడానికైనా సోటు నేదు గద మావా."

"ఆల్లు కూకోరే" అన్నాడు నాన్న.

మర్నాడు నాన్న హార్బరు నుంచి నారింజ రంగు కోటొకటి మడతపెట్టి తెచ్చాడు. వెనక మెరిసే పట్టీలున్నాయి. ఉమాశంకర్ అని ఒక కాంట్రాక్టరు మనిషి. వేట లేక ఖాళీగా ఉన్న కళాసీలని పనిలోకి తీసుకుంటున్నాడట, రోడ్లు శుభ్రం చేసే పని. నాన్న ఆ కోటు దండెం మీద వెయ్యకుండా మంచం కింద పెట్టాడు. అమ్మకి అర్థం కావడానికి ఆ ఒక్కటీ చాలు.

"ఏ రోడ్డు?" అంది.

"అన్ని రోడ్లూను."

"మా రోడ్డు కూడానా?"

నాన్న మంచం మీద కూర్చుని తాపీగా మాట్లాడాడు. ఆయన తాపీగా మాట్లాడితే నాకు అనుమానమే, ఎందుకంటే ఆయన మనిషి అలాంటివాడు కాదు.

"ఇను గంగా. నాను కాకపోతే ఇంకోడు సేత్తాడు. నానుంటే మీ ఒరస జోలికి రానివ్వను. ఉమాశంకర్‌తో మాటాడీసినాను. ఆల్లకి కావలసింది తోపుడు బల్లు, పాకలు. మీరందరూ ఎదురుగా కూకుంటే పోలీసులొత్తారు, తోపులాటవుద్ది, ముసిలోల్లు కింద పడతారు. సోమారం ఎవరూ రావొద్దు. గంపలు బోర్లించి ఇంటికాడుండండి. బోర్లించిన గంప జోలికి ఎవుడెల్తాడు? నానక్కడే ఉంటాను గదా."

"నీకు మాటిచ్చినాడా?"

"ఇచ్చినాడంటన్నాను గదే."

అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. పొయ్యి మీద కూర దించి, అన్నం వార్చి, అందరికీ పెట్టి, తను కూడా తిని, అప్పుడు చెప్పులు వేసుకుని దేముడమ్మ మామ్మ ఇంటికి వెళ్ళింది. నేను కూడా వెళ్ళాను. మామ్మ నులక మంచం మీద కూర్చుని అంతా విని, ఒకటే అడిగింది.

"ఇది అప్పలరాజు మాటా, నీ మాటా?"

అమ్మ కాసేపు నేల వైపు చూసింది.

"నా మాటే అత్తా" అంది.

అమ్మ మాట మీద వరసంతా ఆగిపోయింది. ఆ మాట ఇచ్చింది నాన్న కాదు, అమ్మ. ఇది గుర్తుపెట్టుకోవాలి.

సోమవారం నాకు పరీక్ష ఉంది. అది రాసి దువ్వాడ నుంచి బస్సులో తిరిగొస్తుంటే కంచరపాలెం దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. పొక్లెయిన్ చప్పుడు వినబడుతోంది. నేను దిగి నడిచాను. రైల్వే గోడ పక్కన లారీ నిలబడి ఉంది. తోపుడు బండ్లు లేవు, పాకలు లేవు, అసలు ఆ గోడ పక్క అవెప్పుడూ లేవు. ఉన్నవల్లా గంపలు. నారింజ రంగు కోట్లు వేసుకున్న వాళ్ళు వాటిని ఒక్కొక్కటీ లారీలోకి విసురుతున్నారు. అందులో సగం మంది మా పేట వాళ్ళే. వాళ్ళు నన్ను చూసి తల తిప్పుకున్నారు.

నాన్న వరస చివర ఉన్నాడు, అమ్మ రాయి దగ్గర. పొక్లెయిన్ అప్పటికే దేముడమ్మ మామ్మ రాయిని పెకలిస్తోంది. అది తర్వాత ఇటే వస్తుంది. నాన్న అమ్మ గంప ముందు నిలబడి ఉన్నాడు. అడ్డంగా నిలబడ్డాడేమో అనుకున్నాను. ఒక్క క్షణం నా గుండె నిండిపోయింది, అబద్ధమెందుకు.

కాంట్రాక్టరు మనిషి ఏదో అరిచాడు. నాన్న వంగాడు. గంపని తిరగేసి, వెల్లకిలా పట్టుకుని, లోపల ఏమైనా ఉందేమో అన్నట్టు ఒకసారి చూసి, లారీ దగ్గరికి నడిచి, విసరకుండా మెల్లగా పైన పెట్టాడు.

అంతే జరిగింది. పొక్లెయిన్ వచ్చి అమ్మమ్మ రాయిని ఎత్తింది. దాని కింద నేల తడిగా, నల్లగా ఉంది. ఎన్నేళ్ళ చేపల నీళ్ళు ఇంకిన నేలో అది.

నేను నాన్నని పిలవలేదు. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. అప్పటికే మా సందులో వరస ఆడవాళ్ళు చేరారు. ఎవరూ శాపనార్థాలు పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేది. దేముడమ్మ మామ్మ మా గుమ్మంలోకి వచ్చి, "నీ తప్పేటుందిలే అమ్మా. నువ్వూ నమ్మినావు, మేమూ నమ్మినాం" అని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి, ఇన్నేళ్ళూ అమ్మని మా సందు మొగలో ఎక్కించుకున్న చేపలవాళ్ళ ఆటో, ఆగకుండా వెళ్ళిపోయేది. అమ్మ గంప లేకుండా వెళ్ళి కాసేపు అక్కడ నిలబడి తిరిగొచ్చేది. మూడో రోజు నుంచి నిలబడ్డం కూడా మానేసింది.

వారం తిరక్కుండా నాన్న ఒక తాళంచెవి తెచ్చాడు. కొత్త మార్కెట్టులో గది తాళంచెవి. మిగతా వాళ్ళెవరికీ ఇంకా రాలేదు, ఎప్పుడొస్తాయో కూడా తెలీదు. అమ్మ పేరే మొట్టమొదట ఉందట.

"ముందు గది. మూల మీదుంటాది. సిమెంటు గచ్చు, కొళాయి కూడా ఉంది" అన్నాడు నాన్న.

అమ్మ వెళ్ళి చూసి వచ్చింది. నన్ను కూడా తీసుకెళ్ళింది. కొండవైపు, మనుషులు నడవని రోడ్డు మీద బారుగా గదులు. ఇనప షట్టరు ఎత్తితే లోపల ఒక్క మనిషి నిలబడ్డానికి చోటు, నిలబడితే మొహం ఒక్కటే కనబడేలా ముందు గట్టు. అమ్మ లోపలికి వెళ్ళి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ముడుచుకుంది. నాకు చూడబుద్ధి కాక బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చాక తాళంచెవిని నాన్న ముందు పెట్టి అడిగింది.

"ఈ గది నాకొత్తాదని నీకెప్పుడు తెలుసు?"

"ఎప్పుడేటి..."

"గంపలు బోర్లించమన్నావు సూడు. ఆ రోజుకి తెలుసా?"

నాన్న పైకి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది, ఆయన బాగుచేసిన ఫ్యానే. అమ్మ ఇంకోసారి అడగలేదు. తాళంచెవిని మేకుకి తగిలించి, బియ్యం ఏరుకోవడానికి కూర్చుంది.

"మన మంచికే సేసినాను గదే. ఎలగూ తీసేత్తారు. మనకైనా మిగలనీ అని..." అన్నాడు నాన్న. నన్ను చూస్తూ అన్నాడు. నేనేదైనా అంటానేమోనని. నాకు అసహ్యం వేసింది. ఎవరో కాంట్రాక్టరు మీద వెయ్యాల్సిన అసహ్యమంతా ఆయన మీదే వేసింది. ఆ కాంట్రాక్టరు మా ఇంట్లో అన్నం తినడు కదా.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అమ్మ నాన్నకి వేళకి కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, బట్టలు ఉతికేది. మావా అని మాత్రం పిలవలేదు. నారింజ కోటు కూడా ఉతికి, ఆరేసి, మడతపెట్టి మంచం మీద పెట్టింది. ఆ మర్నాటి నుంచి నాన్న పనికి వెళ్ళలేదు. అరుగు మీదికి కళాసీలు కూడా రావడం మానేశారు.

ఒక సాయంత్రం నాన్న నా పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"దుర్గా, ఆ ఫోనోసారి ఇయ్యమ్మా."

"ఎందుకు?"

"గుంటలో ఉన్నాడు గదా మనోడు, ఆ పచ్చమొహమోడు. బంగారం సరిపోద్దనుకుంటాను. యాపిలు సేసి ఆడికి తినిపిద్దారని."

"ఆట తీసేశాను నాన్నా" అన్నాను.

"ఊరు?"

"ఊరు కూడా పోయింది."

నాన్న అరచేతులు చూసుకున్నాడు. "పోనీలే" అన్నాడు. నాకు జాలి వెయ్యలేదు. అమ్మ గోడ వైపు తిరిగి ఎండుచేపలు మూట కడుతోంది, చేతిలో సంచితో కంచరపాలెం వీధుల్లో తిరిగి ఇంటింటికీ అమ్మడానికి. అమ్మమ్మ ఆ రాయి వేయించక ముందు చేసిన పని అదే. నలభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో, మళ్ళీ అమ్మమ్మ మొదలుపెట్టిన చోటుకి వెళ్ళింది. తాళంచెవి మేకునే ఉంది.

జూన్ నడిమికి వేట తెరిచారు. బోట్లకి పసుపు రాశారు, కొబ్బరికాయలు కొట్టారు. నాన్న సముద్రం మీదికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి చాలాసేపు చెప్పులు వెతుక్కున్నాడు. అమ్మ లోపల్నుంచి రాలేదు.

బోటు తిరిగొచ్చే రోజు పొద్దున్నే అమ్మ నన్ను హార్బరుకి తీసుకెళ్ళింది. అటక మీంచి అమ్మమ్మ పాత గంప దింపి నా చేతికిచ్చింది. తను కొత్త గంప పట్టుకుంది. రెండెందుకని అడిగాను.

"మొయ్యి" అంది.

మా దగ్గర ఇంకో అలవాటుంది. బోటు ఒడ్డుకి రాగానే, సరుకు వేలానికి వెళ్ళక ముందే, కళాసీ ఇంటిది తన గంప పట్టుకుని బోటు పక్కన నిలబడుతుంది. మొగుడు తన వాటా చేపలు ఆ గంపలో పోస్తాడు. వాటిలోంచి కూరకి కాసిని తీసి, మిగతావి ఆమె అమ్ముకుంటుంది. నా చిన్నప్పటి నుంచి అమ్మ గంపలో మొదట పడేవి నాన్న చేపలే. ఆయన పోస్తుంటే అమ్మ ఏదో ఒకటి వంక పెట్టేది, ఆయనేదో అనేవాడు, పక్క బోటు వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ కాసేపు వాళ్ళిద్దరూ పెళ్ళైన కొత్త జంటలా ఉండేవాళ్ళు.

బోటు ఆగింది. నాన్న నల్లబడి, గెడ్డం మాసి, కళ్ళు ఎర్రగా ఉన్నాడు. అమ్మని చూడగానే మొహం వికసించింది. రాదనుకుని ఉంటాడు. ఐసు పెట్టెలోంచి ఏరి తెచ్చాడు, ఒక పెద్ద వంజరం, నాలుగైదు చందువాలు. కళాసీ వాటాలోకి అవి రావు. బోటు నడిపే సరంగుని బతిమాలి పుచ్చుకుని ఉంటాడు. రెండు చేతుల్తో పట్టుకుని గట్టు మీదికి దిగాడు.

అమ్మ నా చేతిలోంచి అమ్మమ్మ గంప తీసుకుంది. ఆయన కాళ్ళ ముందు నేల మీద దాన్ని బోర్లించింది. పక్కనే ఉన్న ఒక రాయి తీసి పైన పెట్టింది. కొత్త గంప చంకన పెట్టుకుని వేలం జరిగే చోటుకి వెళ్ళిపోయింది.

అక్కడ వరస ఆడవాళ్ళందరూ ఉన్నారు. ఎవరూ అమ్మకి జరిగి చోటివ్వలేదు. దేముడమ్మ మామ్మ చూసింది గానీ పలకరించలేదు. అమ్మ చివర నిలబడింది. వేరే బోటు చేపల గుట్టకి వేలం పాట మొదలైతే, పరాయిదానిలా చెయ్యెత్తి తను కూడా పాడింది.

నేను నాన్న దగ్గరే ఉండిపోయాను. ఎటు వెళ్ళాలో తెలీలేదు. ఆయన చేతుల్లోంచి ఐసు నీళ్ళు మోచేతుల మీదుగా కారుతున్నాయి. బోటు మీంచి సరంగు కేకేశాడు, "ఏటి సూత్తన్నావురా, పొయ్యి" అని. నాన్న పొయ్యలేదు. ఆ గంప తిరగెయ్యడం ఆయనకి రాని పని కాదు. నేను చూశాను కదా. కానీ తిరగెయ్యలేదు. చేపలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఐసు బండి తోసుకొస్తున్న కళాసీ ఒకడు దారికి అడ్డంగా ఉందని గంపని కాలితో పక్కకి నెట్టబోయాడు. నాన్న గభాలున ముందుకి వచ్చాడు. చేపలు కింద పడ్డాయి.

"ముట్టుకోకురా. దానికి మనిసుంది" అన్నాడు.

గొంతు పెద్దదే ఆయనది, సముద్రం మీద అరిచే గొంతు. వేలం దగ్గర ఆడవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. అమ్మకి కూడా వినబడింది. తల తిప్పలేదు. పాట పెంచింది.